ఆ వెలకు పడవ నేనే తీసుకుంటా

పోయిన వారం మైపాడు బస్సు కండక్టరు మా బడి గేటు దాకా వచ్చి, "టీచరమ్మా, మీ అక్క తెల్లారుజామున పోయిందంట. మీకు చెప్పమన్న్యారు" అన్నాడు. ఆమె నాకు తోబుట్టువు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ ఊళ్లో నాకు గది అద్దెకిచ్చిన ఇల్లాలు. సెలవు చీటీ రాసిచ్చి అదే బస్సెక్కాను.

అక్క చేపలమ్మేటప్పుడు బేరమాడేది కాదు. ఎవరైనా మరీ తగ్గించి అడిగితే గంప వాళ్ల ముందుకు జరిపి, "ఈ గంప నీదే అనుకో. నువ్వయితే ఎంతకిస్తావు?" అనేది. చాలామంది నవ్వి, ఆమె చెప్పినంతా ఇచ్చేవారు.

భర్త విషజ్వరంతో పోయేనాటికి ఆమె కూతురింకా పాలు మరవలేదు. భర్త ఆస్తిలో భార్యకూ వాటా ఉందని కొత్త చట్టం వచ్చిన రోజులవి. ముగ్గురన్నదమ్ములకు ఉమ్మడిగా ఒక పడవ, వలలు, కాస్త సరుగుడు తోట ఉండేవి. "నీ వంతు డబ్బిచ్చేస్తాం, పడవ మాకుంటుంది" అన్నారు బావా, మరిదీ. వెల కట్టడానికి ఊరి పెద్దలు ఒడ్డుకు వచ్చారు. రాయడానికి నన్ను పిలిచారు.

బావ అడుగు పలకను కాలితో తన్ని, "పుచ్చిపోయినాది. పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు" అని కట్టెల ధర చెప్పాడు. ఆ పడవ వేటకు పోయి రావడం ఊరంతా చూస్తున్నదే. పెద్దలు తలలు వంచుకున్నారు. నా కలం ఆగిపోయింది.

"రాయి టీచరమ్మా" అన్నాడు బావ.

అక్క వైపు చూశాను. తల ఊపింది. రాశాను.

"అందరూ ఒప్పుకున్న్యారా?" అని అడిగింది అక్క.

"ఒప్పుకున్న్యాం."

"అయితే ఆ వెలకు పడవ నేనే తీసుకుంటా. నా వంతులో పట్టుకోండి."

బావ ముఖం ఎర్రబడింది. "ఆడది పడవ పెట్టేది యాడన్నా ఉండాదా?" అంటూ తెడ్డెత్తాడు. అక్క బిడ్డను నా చేతికిచ్చి, పడవకు వీపానించి నిలబడింది.

"పొయ్యిలోకే గదా అన్న్యావు బావా. పొయ్యి నాది. పెట్టుకోనీ."

తెడ్డు గాల్లోనే ఉంది. బిడ్డ ఏడుపందుకుంది. చివరికి పెద్దల్లో ముసలాయన లేచి, "వెల చెప్పింది నీ నోరే. దించు" అన్నాడు. బావ తెడ్డును ఇసుకలోకి విసిరేసి వెళ్లిపోయాడు.

పడవైతే దక్కింది కానీ, బావకు భయపడి దాన్ని నడపడానికి ఎవరూ రాలేదు. నెల దాటింది. అక్క ఇతరుల చేపలు మోసి పిల్లను సాకింది. చూడలేక, "అమ్మేయరాదా అక్కా" అన్నాను.

"ఇప్పుడమ్మితే ఆయన చెప్పిన వెలే నిజమవతాది" అంది.

ఒక సాయంత్రం మరిది వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "వదినా, ఎండకు పడవ పలకలు విచ్చుకుంటా ఉండాయి. నేను దించుతా."

"మీ అన్నేమంటాడో?"

"ఏమన్నా అననీ. నాకు అన్నం పెట్టేది ఆయన కాదు."

మర్నాడు పడవ నీళ్లలోకి దిగింది. అది అలలు దాటేదాకా అక్క నడుము లోతు నీళ్లలోనే నిలబడింది. వెనక్కి వచ్చి, తడి కొంగు పిండుకుని, చేపల గంప కడిగి పెట్టుకుంది.

ఆ పడవతోనే కూతుర్ని పెంచింది, నెల్లూరు బడికి పంపింది. బావ వేరే పడవ కొనుక్కున్నాడు. ఆమెతో మళ్లీ మాట్లాడలేదు.

నేను చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పడవ గల మనిషి పోతే ఆ ఊళ్లో ఆ రోజు ఎవరూ వేటకు పోరు. ఒక ఆడమనిషి కోసం అలా ఆగడం మునుపెన్నడూ లేదు. సముద్రం చదునుగా, వేటకు అనువుగా ఉంది. ఒడ్డు పొడుగునా పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. వాటిలో బావ పడవ కూడా ఉంది.