పనిలోంచి తీసేసే పాఠం

నా మనవరాలు బీబీఏ చదువుతోంది. ఇది చివరి సంవత్సరం. ఇన్నాళ్ళయినా అది ఏ పనికి చదువో నాకు అర్థం కాలేదు. మా అల్లుడు తుడియలూరులో పంపుల వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేస్తాడు. చేతిలో ఇనుము కనిపిస్తుంది. పక్కింటి పిల్ల నర్సు చదివింది, సూది వేస్తుంది. మా పిల్ల ఏం చేస్తుంది? అడిగితే, "మనుషుల్ని మేనేజి చేసేది అవ్వా" అంటుంది. దానికి కాలేజీ ఎందుకు, నీళ్ళొచ్చే వేళకి మా వీధి కుళాయి దగ్గర నిలబడితే చాలదా అన్నాను. దానికి కోపం వచ్చింది.

ఒక ఆదివారం భోజనాలయ్యాక హాల్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది. మధ్యలో స్టూలు, స్టూలు మీద గ్లాసుతో నీళ్ళు.

"కూచో అవ్వా. నువ్వు వర్కరు. నేను హెచ్చార్ మేనేజరు."

సంగతేమిటంటే, బుధవారం దానికి కాలేజీలో పరీక్ష. రాసే పరీక్ష కాదు, నటించే పరీక్ష. కంపెనీలో ఆర్డర్లు తగ్గాయి, ఒక మనిషిని పనిలోంచి తీసేయాలి, ఆ మాట ఆ మనిషికి ఎలా చెబుతావు అన్నదానికి మార్కులట. అందరికంటే బాగా చెప్పినవాళ్ళను తిరుప్పూరులో ఒక బనియన్ల కంపెనీ ఆఫీసుకు ట్రైనింగుకు పంపుతారు. అక్కడ నచ్చితే ఉద్యోగమే. ఆ చోటు తనకే రావాలని మా పిల్ల ఆశ. జతగా నటించాల్సిన స్నేహితురాలు పెళ్ళికని ఊరెళ్ళింది. అందుకని ప్రాక్టీసుకు నేను.

నాకు దాహంగా ఉంది. గ్లాసు తీసి తాగేశాను.

"అయ్యో అవ్వా, అది ఇప్పుడు తాగేది కాదు! నేను చెప్పినాక నీకు ఏడుపొస్తాది. అప్పుడు నేను ఇస్తా, అప్పుడు తాగల్ల."

"ఏడిపించేదానికి ముందే నీళ్ళు పెట్టుకుంటారా మే మీరు?"

"మాకు అట్లనే చెప్పిచ్చినారు."

మొదట ఇంగ్లీషులో చెప్పింది. పరీక్ష ఇంగ్లీషులోనేనట. గొంతు మెత్తగా పెట్టి, బ్యాంకులో అమ్మాయిలాగా ఏదో చెప్పుకుపోయింది. నేను తల ఊపుతూ "సరి, సరి" అన్నాను.

"సరి అంటే ఎట్ల అవ్వా? నీకు పని పోయింది. కోపపడు, లేకపోతే ఏడువు."

"అర్థం కానిదానికి ఎట్ల మే ఏడిచేది? అరవంలో చెప్పు."

ఇంట్లో తెలుగైనా మా ఊరు తమిళ ఊరే. అది తమిళంలోకి మారింది. "ఇనిమే వేలైక్కు వర వేండాం" అంది. ఇకమీదట పనికి రానక్కర్లేదని. అంతే మెత్తగా అంది. కానీ ఆ మాట చెవిన పడగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేను లేవాలనుకోలేదు. కాళ్ళే లేచాయి.

"కూచో అవ్వా. కూచోబెట్టి చెప్పల్ల, అది రూలు."

"కూచునేదానికి కాలేదు మే."

ఎందుకు కూర్చోలేకపోయానో దానికి చెప్పాల్సి వచ్చింది.

పెళ్ళయిన కొత్తలోనే నేను నూలు మిల్లులో చేరాను. మా సెక్షన్ మేస్త్రీ మా తెలుగువాడే, మా వీధివాడే. ఇంటికొస్తే "అక్కా, చారుందా?" అని అడిగి తినిపోయేవాడు. మిల్లు గేటు దాటాడంటే మాత్రం అతని నోట తెలుగు వచ్చేది కాదు. తిట్టాలన్నా, పని పెంచాలన్నా, ఎవరినైనా ఇంటికి పంపేయాలన్నా తమిళమే. మేము ఎదురుగా నిలబడి వినాలి. ఒక్క సెలవిచ్చేటప్పుడే అక్కడ తెలుగు. పిల్లకు జ్వరమనో, చావుకు పోవాలనో అడిగితే దగ్గరికొచ్చి, చిన్నగా, "పోయిరాక్కా" అనేవాడు. నోరు తెరిచిన మొదటి మాటకే మంచో చెడో మాకు తెలిసిపోయేది.

మిల్లు మూసిన రోజు అతను గేటు బయట నిలబడి ఉన్నాడు. గేటుకు ఏదో కాగితం అంటించి ఉంది. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. "ఇంగ మిల్లు లేదక్కా. రాండి, టీ తాగుదాము" అన్నాడు, తెలుగులో. మిల్లు లేదన్న మాట విన్నాను. తెలుగులో విన్నాను కాబట్టి సెలవనుకున్నాను. టీ తాగి నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. మర్నాడు క్యారియరు కట్టుకుని మళ్ళీ వెళ్ళి, ఆ గేటు ముందు కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి తమిళంలో తరిమితే అప్పుడు అర్థమైంది.

ఆ కాగితం మీది కోపంతోనే తర్వాత తమిళ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు ఇంకా ఆలస్యం. ఈ పిల్లే ఫోనులో చూసి తాను నేర్చుకుంటూ నాకూ నేర్పింది.

అంతా విని, "అయితే ఆయన అరవంలోనే చెప్పింటే మేలా అవ్వా?" అని అడిగింది.

"ఏమో మే. అరవంలో చెప్పింటే ఆ పొద్దే తెలిసిండును. ఆ టీ గొంతులో దిగిండదు."

"ఉండు, మన మాటలో చెప్పి చూస్తా. అవ్వా, రేపట్నుంచి నువ్వు..."

ఆగిపోయింది. నవ్వింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగింది. మార్కు పోతుంది, చెప్పు అని నేనే రెచ్చగొట్టాను. చివరికి గోడవైపు చూస్తూ చెప్పేసింది.

"ఇంగ?" అన్నాను.

"ఇంగేముంది? నీళ్ళిచ్చి, కవరిచ్చి, థాంక్స్ చెప్తే ముగిసిపోయింది."

"ఆ మనిషి లేచి యాడికి పోతాది? వాకిలిదాకా కూడా ఎవురూ పోరా?"

నేను ఊరికే అడిగాను. అది మనసులో పెట్టుకుంటుందని అనుకోలేదు.

బుధవారం సాయంత్రం చెప్పులు మూలకు విసిరి లోపలికొచ్చింది. ఇంగ్లీషులో చెప్పాల్సిందంతా బాగానే చెప్పిందట. ఆ తర్వాత లేచి, వర్కరుగా నటించిన స్నేహితురాలి భుజం పట్టుకుని, క్లాసు తలుపు దాటి వరండా చివరిదాకా నడిచిందట. మేడం గడియారం చూసుకుంటూ కూర్చున్నారట. "నువ్వు మేనేజరువా, ఆమెకు అక్కవా?" అని అడిగారట. క్లాసంతా నవ్విందట. తిరుప్పూరు చోటు వేరే అబ్బాయికి పోయింది. అతను టైములోపలే ముగించాడు.

"నీవల్లే అవ్వా! వాకిలి, వాకిలి అంటివి. ఉన్నె యారు కేట్టా?"

నిన్నెవరడిగారు అని. కోపం వస్తే దానికీ తమిళమే వస్తుంది.

"నడిచి పొమ్మని నేను చెప్తినా? అడిగితిని, అంతే" అని నేనూ అరిచాను. ఇద్దరం చెరో గదిలో కూర్చున్నాం.

తిరుప్పూరు చోటు పోయినందుకు నాకు బాధగానే ఉంది. మంచి కంపెనీ అంటున్నారు. వచ్చి ఉంటే మా పిల్ల అక్కడ ఎవరెవరినో కూర్చోబెట్టి, నీళ్ళు పెట్టి, ఆ మాట చెబుతూ ఉండేది. రాకపోవడమే మేలనిపిస్తుంది. మళ్ళీ, ఎవరో ఒకరు చెప్పక తప్పదు కదా, వాకిలిదాకా నడిచేది చెబితేనే మంచిది కదా అనీ అనిపిస్తుంది. చెడగొట్టానో, బాగు చేశానో, ఎంత ఆలోచించినా తేలలేదు.

తర్వాతి ఆదివారం అది మళ్ళీ కుర్చీలు వేసింది.

"ఇప్పుడు నువ్వు మేనేజరు. ఆ మేస్త్రీ ఎట్ల చెప్పిండల్లో నువ్వు చెప్పి చూపీ."

నేను కూర్చున్నాను. అది ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తమిళం మాట నోటిదాకా వచ్చింది, దాని ముఖం చూస్తే బయటికి రాలేదు. తెలుగులో చెబితే రేపు క్యారియరు కట్టుకుని గేటుకు పోతుంది.

"చెప్పు అవ్వా, టైమవతా ఉండాది."

గ్లాసు దానివైపు జరిపాను. "ముందు నీళ్ళు తాగు మే."

"చెప్పకముందే తాగకూడదు అవ్వా."

"తాగు."

తాగింది. నాకు ఇంకా మాట దొరకలేదు.