జడను వెతికిన డేగకన్ను

మా బావను కొట్లో అందరూ డేగకన్ను అంటారు. పెద్ద బట్టల కొట్టు అది. గోడ నిండా ఉన్న టీవీల ముందు కూర్చుని, కెమెరాల్లో దొంగల్ని కనిపెట్టడం ఆయన ఉద్యోగం. ఎవడి చెయ్యి ఎటు పోయినా ఇట్టే పసిగడతాడు. ఆ గొప్పలు వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. అదే కొట్లో నాకు కాపలా పని ఇప్పించాడు కాబట్టి నోరు మూసుకుని వినేవాణ్ణి.

ఇంటికొస్తే మాత్రం ఆ కళ్లకు సెలవు. మా అక్క ఎదురుగా నిలబడినా గోడను చూసినట్టే చూస్తాడు.

ఆ ఆదివారం అక్కకు ఒళ్లు మండింది.

"ఏమండీ, నన్ను సరిగ్గా చూసి ఎన్నాళ్లయింది?"

"భలేదానివే! వెయ్యిమందిలో ఉన్నా నిన్ను పట్టేస్తాను," అన్నాడు బావ, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"అయితే రేపు మీ కొట్టుకొస్తాను. గుర్తుపట్టలేదో, తమ్ముడింటికి వెళ్లిపోతాను. మళ్లీ రాను."

అక్క ఉత్తినే బెదిరించే మనిషి కాదు. పక్కనే ఉన్న నాకు భయమేసింది. పేపరు మడిచిన తీరు చూస్తే బావకూ భయమేసినట్టే ఉంది.

మర్నాడు పొద్దుటి నుంచీ టీవీలకు కళ్లప్పగించి కూర్చున్నాడు. ఆయన వెతికింది జడను. పెళ్లిలో చూసిన, నడుం దాటిన నల్లటి జడ. తెరమీద కనబడ్డ ప్రతి జడనూ పెద్దది చేసి చూశాడట. జడ లేని ఆడవాళ్లు ఆయన లెక్కలోకే రాలేదు.

మధ్యాహ్నం నా వాకీటాకీ గరగరలాడింది.

"ఒరేయ్, మేడమీద ఒకావిడ. మెడ దాకా కత్తిరించిన జుట్టు. ఏమీ కొనదు, కెమెరా వైపే గుడ్లురిమి చూస్తోంది. దొంగ మొహం! వెంటనే పట్టుకురా."

ఆవిడెవరో వినగానే నాకు తెలిసిపోయింది.

"బావా, ఇంకోసారి సరిగ్గా చూడు."

"నాకే చూడ్డం నేర్పుతావురా? తీసుకురా!"

సరే, నాదేం పోయింది? తీసుకెళ్లాను. బావ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"నువ్వా! జడేది?"

"కత్తిరించుకుని నెల దాటింది. ఆ రోజు నా దువ్వెనే అడిగి తల దువ్వుకున్నారు కూడా," అంది అక్క. అటునుంచి అటే మా ఇంటికి వచ్చేసింది.

సాయంత్రం బావ మా గుమ్మంలో నిలబడ్డాడు. డేగలా కాదు, తడిసిన కోడిలా ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, జాలేసింది. తలుపు తీసిన అక్కను చాలాసేపు రెప్పవేయకుండా చూశాడు.

"నీ చెవి కింద పుట్టుమచ్చ ఉందే! ఎప్పుడొచ్చింది?"

అక్కకు ఏడుపొచ్చింది.

"పుట్టినప్పుడే," అని, చెప్పులు వేసుకుంది.