ఉత్తర్వు లేఅవుట్‌లో వంకాయ కూర

లహరీ, చరణూ, ఈ సంగతి మీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మీ అమ్మకైతే సగం తెలుసు, ఆ సగం కూడా నేను దగ్గుతూ చెప్పాను. పోయిన నెల భద్రాచలంలో మీ నాన్న ఏం వెలగబెట్టాడో వినండి. గోదావరి ఒడ్డున మా ట్రస్టు హాస్టళ్ళన్నిటిలో వంకాయ కూర వండించాడు. రోజూ! పులిలాంటి మా సెక్రటరీ గారిని ఊరూరి పిల్లలకు నాన్నను చేసి కూర్చోబెట్టాడు. ఉద్యోగం ఊడేదాకా తెచ్చుకున్నాడు. ఇదంతా ఒక పేజీకి పేరు మార్చినందుకు!

మొదటినుంచి చెబుతాను. మీరు అమ్మతో ఆదిలాబాద్‌లో, నేనిక్కడ. అమ్మకి దవాఖానా ఉద్యోగం అక్కడ పడింది కాబట్టి తప్పలేదు. నా ఉద్యోగం సంగతి మీకు తెలిసిందే: అడవి పల్లెల పిల్లలకు హాస్టళ్ళు నడిపే ట్రస్టు, దాని వెబ్‌సైటు నేను చూసుకోవాలి. ఏడాదికోసారి కాంట్రాక్టు. ఈసారి అది కొనసాగాలా వద్దా అన్నది పోయిన నెలలోనే తేలాలి. తేల్చేది సెక్రటరీ గారు. మీ ఫీజులు, నా గది కిరాయి అన్నీ ఆయన సంతకం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆయన ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఇంటి కింది భాగంలోనే ట్రస్టు ఆఫీసు, పైన కాపురం. ఒకే ఫోను, పైనా కిందా మోగుతుంది. వెబ్‌సైటు మొదలుపెట్టిన రోజే నన్ను పిలిచి చెప్పారు.

"ఏమయ్యా శ్రీధర్, అన్ని పేజీలు ఒక్కతీరుగ ఉంటే ఎట్ల? ఆర్డరు ఆర్డరు లెక్క కనబడాలె. చూడంగనే వార్డెను లేచి నిలబడాలె. 'మా గురించి' పేజీ మాత్రం క్యాలెండరు లెక్క ఉండాలె, పూలు గిట్ల పెట్టు."

దీన్నే మా భాషలో వేరువేరు లేఅవుట్లు అంటారు. లేఅవుట్ అంటే ఫొటో చుట్టూ ఉండే ఫ్రేము అనుకోండి. లోపల ఫొటో మారుతుంది, ఫ్రేము అదే. 'మా గురించి', 'హాస్టలుకు దారి', 'సెలవులు'... ఇలా ఒకసారి రాసి పెడితే మారకుండా ఉండే పేజీలకు నేను పూల ఫ్రేము కట్టాను. ఉత్తర్వులకు ఇంకో ఫ్రేము. దాని పైన ట్రస్టు ముద్ర, 'వార్డెన్లందరికీ' అనే మాట. కింద 'పై సూచనలు వెంటనే అమలు చేసి ఈ నంబరుకు తెలియజేయవలెను' అని సెక్రటరీ గారి సంతకం బొమ్మ, ఆయన ఫోన్ నంబరు.

ఏ పేజీకి ఏ ఫ్రేము తొడగాలో కంప్యూటరుకి చెప్పాలి కదా. పేర్లు రాసి పెట్టాను. ఈ పేరుంటే పూలు, ఆ పేరుంటే పూలు, ఇవి కాక మిగతా ఏ పేరొచ్చినా ఉత్తర్వు ఫ్రేము. ఉత్తర్వు ఫ్రేము తొడుక్కున్నది ఏదైనా సరే, తనంతట తానే మొదటి పేజీలో 'కొత్త ఉత్తర్వులు' కింద కనబడుతుంది. ఉత్తర్వు ఒక్కటి కూడా సంతకం లేకుండా పోకూడదని అంత జాగ్రత్త! చూశారా, గొయ్యి ఎంత శ్రద్ధగా తవ్వానో.

ఇంతలో మీరు ఫోన్లో, మా స్కూల్లో ఇంటర్నెట్ వచ్చింది నాన్నా అన్నారు. నాకు బుర్రలో బల్బు వెలిగింది. ఫోన్లో నేను ఏం చెప్పినా మీరు ఊఁ అంటారు. లహరి ఊఁ వేరు, చరణ్ ఊఁ వేరు, రెండింటికీ అర్థం ఒకటే: ఎప్పుడు పెట్టేస్తావు నాన్నా అని. అదే ఒక పేజీలో రాసి పెడితే? మీకు వీలైనప్పుడు చదువుకుంటారు, నా ప్రాణానికి నిశ్చింత.

కానీ వెబ్‌సైటు ఆఫీసుది. ఆఫీసు పెన్నుతో ఇంటి ఉత్తరం మీద అడ్రసు కూడా రాయనివాడిని నేను. రెండు రోజులు మథనపడ్డాను. చివరికి భోజనం టైములోనే చెయ్యాలని తీర్మానించుకున్నాను. కరెంటు కూడా ఆఫీసుదే కదా అని ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ రాశాను.

ఏం రాశానంటే: లేవగానే గోరువెచ్చని నీళ్ళు తాగాలి. తలకు నూనె రాసుకోవాలి. స్నానంలో చెవుల వెనక కూడా రుద్దుకోవాలి. వంకాయ ముక్కలు కంచంలో పక్కకు పెట్టకూడదు. పోట్లాడుకుంటే పడుకునేలోపు మాట్లాడుకోవాలి. అన్నం తిన్న ప్రతిసారీ నాన్నకు ఫోన్ చెయ్యాలి, ఊఁ అంటే చాలదు, ఏం తిన్నారో చెప్పాలి.

దీనికి మీకోసమే ఒక మూడో ఫ్రేము కట్టాను. నీలం రంగు, మూలన రామచిలక. పైన 'మా బంగారు కొండలకు', కింద 'ముద్దులతో, నాన్న'. పేజీ పేరు 'ఇల్లు'. 'ఇల్లు' అన్న పేరొస్తే చిలక ఫ్రేము తొడుగు అని కంప్యూటరుకి చెప్పాను. నా కంప్యూటరులో పదిసార్లు చూసుకున్నాను. చిలక ముద్దుగా ఉంది.

అప్పుడు పట్టుకుంది భయం. సైటు అడ్రసు పక్కన 'ఇల్లు' అని ఎవరైనా ఊరికే కొట్టి చూస్తే? దొరికిపోతాను కదా! సైటుకి ఎక్కించే ముందు పేజీ పేరు మార్చేశాను. 'జాగ్రత్తలు' అని పెట్టాను. పేజీకి మార్చానుగానీ, ఫ్రేము చెప్పేచోట 'ఇల్లు' అలాగే ఉండిపోయింది. కంప్యూటరు ఏం చేస్తుంది? 'జాగ్రత్తలు' అనే పేరు నా జాబితాలో లేదు. లేకపోతే ఏం తొడగమన్నాను?

అదే తొడిగింది.

నేను మాత్రం హాయిగా గదికి పోయి మీకు ఫోన్ చేసి, అడ్రసు ఒక్కో అక్షరం చెప్పాను. రాసుకున్నారా అంటే ఊఁ అన్నారు. ఆ వారమంతా మహా ప్రశాంతంగా ఉన్నాను.

వారం తిరిగేసరికి దుమ్ముగూడెం హాస్టల్ వార్డెన్ ముత్తయ్య బస్సు దిగి ఆఫీసుకొచ్చాడు. నాకంటే చిన్నవాడు, మంచి మనిషి, ఉత్తర్వు వస్తే ప్రింటు తీసి గోడకు అంటించి అక్షరం పొల్లుపోకుండా చేస్తాడు.

"శ్రీధరన్నా, కొత్త ఆర్డరు మంచిగనే ఉన్నది గని, కట్టెలు సరిపోతలేవే."

"కట్టెలెందుకు?"

"పొద్దుగాల అందరికి గోరువెచ్చటి నీళ్ళు తాగిపియ్యమన్నరు గదా. గంత పెద్ద గుండిగ కాగాలంటే మాటలా?"

ఎంత బాగుంది అనుకున్నాను. ఎవరో బుద్ధిమంతుడు ఇచ్చిన ఉత్తర్వు! "నేను కూడా మా పిల్లలకు అదే చెబుతుంటా ముత్తయ్యా!" అని పొంగిపోయాను.

"అవ్. స్నానం అయినంక లైను కట్టించి చెవుల ఎనక టార్చి లైటేసి చూస్తున్న. గని వంకాయ ముచ్చటే నాకు సమజ్ కాలే. ముక్కలు పక్కకు పెట్టొద్దన్నరు. పెట్టొద్దంటే ముందుగాల వండాలె గదనే? అందుకే రోజు వండిపిస్తున్న. అంగట్ల వంకాయలు అయిపోయినయ్. చర్ల హాస్టలోళ్ళు గూడ గదే కొంటున్నరు, వాళ్ళకు మాకు కొట్లాట."

వంకాయ అనగానే నా చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. నీళ్ళు ఎవరైనా తాగమంటారు. చెవులు కూడా కొందరు చూస్తారు. వంకాయ ముక్కల మీద ఉత్తర్వు ఇచ్చే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

సైటు తెరిచాను. ముద్ర. 'వార్డెన్లందరికీ.' లోపల నా గోరువెచ్చని నీళ్ళు, నా వంకాయ. కింద సెక్రటరీ గారి సంతకం, ఆయన ఫోన్ నంబరు!

తీసేద్దామని చెయ్యి వేశానో లేదో నెట్టు పోయింది. వాన పడితే మన దగ్గర ముందు పోయేది అదే. సరిగ్గా అప్పుడే లోపలినుంచి పిలుపు.

"శ్రీధర్! ఇటు రా."

సెక్రటరీ గారు ఫోన్ను పాముని చూసినట్టు చూస్తున్నారు.

"ఏందయ్యా ఇది? తెల్లారి లేస్తే ఫోన్లు. అన్నం తిన్నమని చెప్తున్నరు, ఏం కూరనో చెప్తున్నరు. అందరిదీ వంకాయ కూరనే! నన్ను చూస్తే గోడకు అంటుకపోయేటోళ్ళు పిల్లలు. ఇయ్యాల నాన్నా అంటున్నరు! మొన్న మా ఇంటామె ఫోనెత్తితే 'నాన్న ఉన్నడా' అన్నదంట ఒక పిల్ల. రెండు రోజులాయె, నాకు ఇంట్ల చాయ్ లేదు!"

చెప్పక తప్పదు. కాంట్రాక్టు కాగితం ఆయన ముందే ఉంది, నా పేరు కనబడుతూనే ఉంది.

"సార్... ఆ నాన్న నేనే సార్."

ఆయన కళ్ళజోడు తీశారు. నేను మొత్తం చెప్పాను. చిలక, ఇల్లు, జాగ్రత్తలు, ఫ్యాను ఆపడం కూడా. ఫ్యాను ఆపడం చెబితే కొంచెం కరుగుతారనుకున్నాను. కరగలేదు.

"అంటే? నా సంతకం కింద నీ సంసారం పెట్టినవా?"

"అవును సార్."

"వారం దినాలు నువ్వు చూసుకోలేదా?"

"మా పిల్లలు చూస్తున్నారు కదా అనుకున్నాను సార్."

ఆయన కాంట్రాక్టు కాగితం తీసి సొరుగులో పడేశారు. సొరుగు ధడాలున మూశారు. అప్పుడే ఫోన్ మోగింది. మధ్యాహ్నం అన్నాల వేళ కదా! ఆయన నన్ను చూస్తూనే ఎత్తారు. అవతలి గొంతు నాక్కూడా వినబడుతోంది.

"నాన్నా సార్! నేను రాజేశ్వరిని. అన్నం తిన్న."

సెక్రటరీ గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఏం కూర బిడ్డా?" అన్నారు.

"వంకాయ సార్."

"పక్కకు పెట్టలేదు గద?"

"రెండు ముక్కలు పెట్టిన సార్."

"సరే. రెండు అయితే పర్వాలేదు."

ఫోన్ పెట్టి నన్ను చూసి మళ్ళీ గట్టిగా మొహం పెట్టుకున్నారు. "వంకాయ తీసెయ్. నీళ్ళు, చెవులు, నూనె ఉండనీ. ఫోను..." అని ఆగారు. "ఫోను ఆదివారానికి ఒక్కపారి పెట్టు. నాన్నకు అని కాదు, సెక్రటరీకి అని రాయి, మా ఇంటామెకు గూడ అర్థం అయితది. నీకు మాత్రం మెమో ఇస్తున్న. సైటుల పెట్టు. నువ్వే పెట్టు, అందరు చూడాలె."

నా మెమో నేనే టైపు కొట్టుకున్నాను. 'తీవ్రమైన నిర్లక్ష్యం', 'సంజాయిషీ కోరడమైనది', అన్నీ ఒత్తులతో సహా సరిచూసుకున్నాను. నెట్టు వచ్చింది. ఎక్కించే ముందు నా బుర్ర మళ్ళీ పనిచేసింది. ఇంకెప్పుడూ ఆయన సంతకం పొరపాటున దేనికీ పడకూడదు! అందుకని నియమమే తిప్పేశాను. ఉత్తర్వుల పేర్లన్నీ వరుసగా రాసి, వాటికే ఉత్తర్వు ఫ్రేము అన్నాను. మిగతా ఏ పేరొచ్చినా నా చిలక ఫ్రేమే. పోతే నా పరువే పోవాలి.

ఉత్తర్వులన్నీ రాశాను. కొత్త మెమో పేరు రాయడం మర్చిపోయాను.

మొదటి పేజీలోంచి దానికి దారి కూడా నేనే నా చేతులతో పెట్టాను. మర్నాడు పొద్దున ముత్తయ్య ఫోను.

"శ్రీధరన్నా, మెమో ప్రింటు తీసి గోడకు అంటించిన. గని ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. సార్ నిన్ను గట్ల పిలుస్తడా?"

"ఎట్ల?"

"మా బంగారు కొండలకు, అని ఉన్నది. నిర్లక్ష్యం చేసినవ్ అని తిట్టిండు. కింద ముద్దులతో, నాన్న అని. చిలక గూడ ఉన్నది."

నేను మెట్లెక్కి పైకి పరిగెత్తాను. సెక్రటరీ గారు అప్పటికే చూశారు. ఆయన వెనక అమ్మగారు చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. ఆయన చేతిలో చాయ్ ఉంది! అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"మెమో కాదయ్యా ఇది, లాలిపాట" అన్నారాయన. నన్ను కిందికి తీసుకుపోయి, సొరుగులోంచి కాంట్రాక్టు తీసి, సంతకం పెట్టి చేతికిచ్చారు. "ఇంకో ఏడాది చెయ్యి. ఇది కాగితం మీదనే ఉండనీ. సైటుల పెట్టినవనుకో, ఇది గూడ ముద్దులతోనే పోతది."

ఆ సంబరంలో మీకు ఫోన్ చేశాను, గుర్తుందా? పేజీ చూశారా అని అడిగాను. చరణ్ "ఏ పేజీ నాన్నా?" అన్నాడు. లహరి, కంప్యూటర్ పీరియడ్‌లో మాతో బొమ్మలే గీయిస్తారు అంది. నేను 'ఏం లేదులే' అని పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో ఇప్పుడు తెలిసింది కదా. దుమ్ముగూడెం నుంచి చర్ల దాకా పిల్లలందరూ మీ నాన్న మాట విన్నారు. నూనె రాసుకున్నారు, చెవులు తోముకున్నారు, ఏం తిన్నారో ఫోన్ చేసి మరీ చెప్పారు. అది ఎవరికోసం రాశానో ఆ ఇద్దరే చదవలేదు!

ఈ కథ మీరు అమ్మకి పూర్తిగా చెప్పండి, మీ క్లాసు పిల్లలకు కూడా చెప్పండి. నేను చెబితే మధ్యలో జాగ్రత్తలు చెప్పి నవ్వు రాకుండా చేస్తాను, మీరైతే బాగా చెబుతారు. కాకపోతే అన్నం తింటూ చెప్పకండి, నవ్వొస్తే పొలమారుతుంది. పక్కన మంచినీళ్ళు పెట్టుకోండి. గ్లాసు అంచున కాదు, లోపలికి జరిపి పెట్టుకోండి.