కాళ్ళు కప్పే చెప్పులు

అక్క కూతురు ఫోన్‌లో పంపిన జాబితాను మూడుసార్లు చదివాను. చదివేకొద్దీ ఒళ్ళు మండింది. జీన్స్ వద్దు. రబ్బరు చెప్పులు వద్దు. నలిగిన బట్ట వద్దు. చీర కట్టుకోవచ్చు గానీ ఇస్త్రీ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, కాళ్ళు కప్పే చెప్పులు. కోవిల్‌పట్టి బజారులో ముప్పై ఏళ్ళుగా రవికలు కుడుతున్నదాన్ని నేను. ఈ వీధిలో ఏ ఆడమనిషి భుజం ఎంత వాలి ఉంటుందో నా టేపుకి తెలుసు. అలాంటిదాన్ని పట్టుకుని, నిన్నగాక మొన్న నా దగ్గర గౌన్లు కుట్టించుకున్న పిల్ల బట్టలు కట్టుకోవడం నేర్పుతోంది!

ఆ పిల్ల చెన్నైలో విమానాల ఆఫీసులో పనిచేస్తుంది. ఆఫీసువాళ్ళు ఇంటివాళ్ళకని పాసు ఇస్తారట. విమానంలో సీట్లు మిగిలితే మనకు. ముందు భాగంలో, ఆ వెడల్పు కుర్చీలున్న చోట మిగిలితే అక్కడే కూర్చోబెడతారు. కానీ పాసు మీద వచ్చేవాళ్ళు ముందు కూర్చోవాలంటే వాళ్ళు చెప్పిన బట్టలే కట్టుకోవాలి.

"పిన్నమ్మా, ముందర కూర్చోని మీరేమన్నా తప్పు చేస్తే నా పాసు ఏడాదికి ఆపేస్తారు" అంది ఫోన్‌లో.

"నీ పాసు సంగతి తర్వాత. నన్నెందుకు పిలుస్తుండావు, అది చెప్పు ముందు."

"అమ్మే చెప్పింది. పిన్నమ్మ వస్తేనే నేను వస్తా, లేకుంటే ఢిల్లీ నాకొద్దు అనింది."

నాకు అనుమానం మొదలైంది అక్కడే. విరుదునగర్‌లో ఉండే మా అక్క, మిరపకాయల మండీ వదిలిరాని బావతో కాపురం చేస్తూ, పని లేకుండా నన్ను మధురైకి కూడా రమ్మన్న మనిషి కాదు. ఇప్పుడు విమానమా? మూడు రోజులు ఢిల్లీనా? నాకు కిందటేడు మధురైలో ఆపరేషన్ అయింది. రొమ్ములో గడ్డ తీశారు. ఢిల్లీ నుంచి తిరిగొచ్చాక వచ్చే మంగళవారానికి సరిగ్గా ఏడాది. ఆ రోజు వచ్చి చూపించుకొమ్మని డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చింది. ఆ చీటీలో నాకు చదవడం రాని మాట ఏదైనా అక్కకు ఎవరైనా చదివి చెప్పారా? ఇది ఎక్కువ రోజులు ఉండదులే, ఒకసారి విమానం చూపిద్దాం అనుకున్నారా? రెండు రోజులు నాకు అన్నం దిగలేదు.

అయినా వస్తానన్నాను. దాచుకోవడం ఎందుకు, ఆ ముందు సీటు మీద నాకు ఆశ పుట్టింది. చిన్నప్పుడు ఒట్టపిడారం బస్సులో కిటికీ పక్క సీటు ఎప్పుడూ అక్కదే. పెద్దది కదా, కూర్చోనీ అనేది అమ్మ. నాకు గాలి తగిలేది కాదు, అక్క జడ మాత్రం మొహానికి తగిలేది. ఒక్కసారైనా ముందు కూర్చుని రావాలనుకున్నాను. పట్టుచీర కొన్నాను, దానికి రవిక నేనే కుట్టుకున్నాను. కొత్త బట్ట కదా అని కొంగు మూలన పసుపు చుక్క పెట్టాను.

తర్వాత చెప్పుల కోసం విరుదునగర్ వెళ్ళాను. అక్క వట్టి కాళ్ళతో గుమ్మంలోకి వచ్చింది. వట్టి కాళ్ళతోనే బజారుకి బయలుదేరింది. ఎండకి రోడ్డు పెనంలా ఉంది.

"ఏంటికే ఇట్లా తిరుగుతుండావు?"

"కాలికి ఒప్పడం లేదే. వేసుకుంటే మంటగా ఉండాది."

దీపావళప్పుడు కూడా ఇదే మాట చెప్పింది. చక్కెర జబ్బుతో పుండేదైనా లేచి దాస్తోందేమోనని, బజారు నుంచి వచ్చి అది కునుకు తీస్తుంటే పక్కన కూర్చుని అరికాళ్ళు చూశాను. పుండు లేదు. మడమలు మాత్రం వేసవిలో మా మెట్టచేల మీది నల్లరేగడిలా నెర్రెలు విచ్చి ఉన్నాయి. అయితే ఇది మొక్కే. మారియమ్మకు మొక్కుకుని చెప్పులు మానేసినవాళ్ళు ఆ ఊళ్ళో వీధికొకరు ఉంటారు. మొక్కు తీరేదాకా అది ఎవరికోసమో వాళ్ళకు చెప్పకూడదని మా ఇళ్ళలో ఒక పట్టింపు. కానీ నాకు చెప్పడానికేం? కూతురికి ఏదో సంబంధం వచ్చి ఉంటుంది. నా నోటికి భయపడి దాస్తోంది. తోడబుట్టినదాని దగ్గర ఇంత గుట్టా! కడుపు మండిపోయింది.

బజారులో నాకో జత, అక్కకో జత, కాళ్ళు కప్పే నల్ల చెప్పులు కొన్నాను. అక్క తన జత తొడిగి కూడా చూడలేదు. దాని కాలి కొలత నాకు తెలియకనా! తీసి నా పసుపురంగు గుడ్డసంచిలో వేసుకున్నాను. విమానం చూస్తే అదే వేసుకుంటుందిలే అనుకున్నాను.

వేసుకోలేదు. చెన్నై విమానాశ్రయంలో కూతురు తల్లి కాళ్ళు చూసి నిలబడిపోయింది.

"అమ్మా! అంత చెప్పినానే, చెప్పులేవి? లోపల కూర్చునేదాకా వేసుకోమ్మా, చాలు."

"వెయ్యను పాపా. నన్ను వెనక కూర్చోబెట్టమను."

"పిన్నమ్మ సంచిలోనే ఉండాయి కదా!"

"ఉండనీ."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానికీ కారణం తెలియదని నాకప్పుడు అనిపించింది. అయినా నేను నమ్మలేదు, నటిస్తోందేమో అనుకున్నాను. లోపలికి పంపే చోట నిలబడ్డ పెద్దావిడ మా ఇద్దరినీ తల నుంచి కాళ్ళదాకా చూసి, ఇంగ్లీషులో ఏదో అంది, పాప మాకు అర్థం చెప్పింది. ముందు రెండు సీట్లు ఖాళీ ఉన్నాయట. నేను కూర్చోవచ్చట. అక్క మాత్రం వెనక. డ్యూటీ ముగించుకుని తను రాత్రి విమానంలో వస్తానంది పాప.

"పోవే" అంది అక్క. "నువ్వు పోయి కిటికీ పక్కన కూర్చో."

వెళ్ళాను. ఒక్క మాటైనా కాదనకుండా వెళ్ళాను. పైగా, నా సరదా చెడగొట్టాలనే ఇది ఈ వేషం వేసిందని మనసులో తిట్టుకుంటూ వెళ్ళాను.

కూర్చున్న వెంటనే ఒక అమ్మాయి పళ్ళెంలో వేడి గుడ్డ తెచ్చి ఇచ్చింది. నా మొహాన ఏమైనా మురికి ఉందా అని ఉలిక్కిపడ్డాను. అందరికీ ఇస్తోందని చూశాకే తుడుచుకున్నాను. ఆమె చూపు నా కొంగు మూల పసుపు చుక్క మీద ఆగినట్టుంది, మరక అనుకుంటుందేమోనని కొంగు లోపలికి దోపుకున్నాను. అప్పుడు పక్కవరసలో పెద్దమనిషిని చూశాను. మోకాళ్ళదాకా నిక్కరు, నలిగిన బనియను, కాళ్ళకి రబ్బరు చెప్పులు! ఇతనూ పాసేనా, పాపం ఏ పిల్ల పాసు పోతుందో అనుకున్నాను. అమ్మాయి వచ్చి అతనికి వంగి వంగి సార్ సార్ అంటోంది. అతను చెప్పులు విడిచి, వట్టి కాళ్ళు బార్లా చాపుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఓహో, టికెట్టు కొన్నవాడి కాళ్ళు వేరు, మా అక్క కాళ్ళు వేరు!

కోపం వచ్చింది. నిజమే, వచ్చింది. కానీ తెల్లగుడ్డ పరిచి భోజనం పెడితే, మిఠాయితో సహా అంతా తిన్నాను. వెనక తెర వేసి ఉంది. ఒక్కసారి లేచి అక్కను చూసి రావాలని కూడా తోచలేదు.

ఢిల్లీలో దిగి, ద్వారం బయట నిలబడ్డాను. జనమంతా వెళ్ళిపోయాక అందరికన్నా చివర వచ్చింది అక్క. నేల చల్లగా ఉన్నట్టుంది, పాదాల అంచుల మీద నడుస్తోంది. సంచిలోంచి చెప్పులు తీసి దాని ముందు పడేశాను.

"ఇప్పుడైనా వేసుకో. ఇక్కడ నిన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు. పాపకి ఎక్కడి సంబంధమే? నాకు చెప్తే చెడగొడతానా?"

"సంబందమా? నీకు పిచ్చి పట్టిందా ఏమే?" అక్క నవ్వింది. వంగి చెప్పులు తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ నా సంచిలోనే పెట్టింది. "మంగళవారం దాకా ఓర్చుకో. ఆ పొద్దు నువ్వే నీ చేత్తో వేద్దువు."

"ఏ మంగళవారం?" అన్నాను.

అనేలోపే తెలిసిపోయింది. ఏడాది కిందట నన్ను తోపుడు మంచం మీద ఆపరేషన్‌కి తీసుకుపోతుంటే అక్క చెప్పులతోనే గుమ్మందాకా పక్కన నడిచింది. గదిలోకి నన్ను తెచ్చాక కళ్ళు తెరిచి చూస్తే దాని కాళ్ళకు చెప్పులు లేవు. ఆస్పత్రిలో ఎవరో కొట్టేసి ఉంటారని, ఇంత అజాగ్రత్త ఏమిటని, ఆ మత్తులోనే దాన్ని తిట్టాను. తర్వాత మరిచిపోయాను. దీపావళికి చూసి కొత్తగా కనిపెట్టినట్టు అడిగాను.

అక్క నడుముకు దోపుకున్న చిన్న పొట్లం తీసింది. చెన్నై రైలెక్కేటప్పుడు దానికి నేనిచ్చిన కడలమిఠాయి, మా ఊరి వేరుశనగ అచ్చు.

"వెనక ఏమీ ఇయ్యలేదే. ఇదే తిన్నా. నీకు సగం ఉంచినా, ముందర ఏమన్నా పెట్టినారో లేదో అని."

తీసుకున్నాను. నా కడుపు నిండుగా ఉంది. ఆ మాట చెప్పకుండా, దాని ముందే నిలబడి ఆ సగం ముక్క తిన్నాను.