తొంభై ఆరు మీద మూత

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, వీధి వీధంతా ఆమెను జిరాక్స్ అక్క అనే పిలుస్తుంది. ఆస్పత్రి పక్క సందులో దుకాణం. నడుం మీద చేతులు వేసుకుని నిలబడితే మోచేతులు రెండు గోడలకూ తగులుతాయి. పన్నెండేళ్ళుగా అందులోనే నిలబడి ఊళ్ళోవాళ్ళ కాగితాలకు నకళ్ళు తీస్తోంది. పనిలో వంక పెట్టడానికి లేదు. వంకర రాదు, మసి రాదు. ఒక్కటే జబ్బు. మార్కుల జాబితా కనబడితే చదవకుండా ఉండలేదు. మిషన్ మూత వేసేలోపే అన్నీ కూడేసి, శాతం కట్టేసి, లోలోపల ఉడికిపోతుంది. "ఈ జులపాలవాడికి ఎనభై రెండా!" అని ఒకసారి పైకే అనేసింది. వాడి తల్లి మళ్ళీ ఆ సందులో అడుగుపెడితే ఒట్టు.

ఆ ఉడుకుకు కారణం ఇంట్లోనే ఉంది. ఒక్కగానొక్క కూతురు, ముద్దుపేరు చీమ. పుస్తకం ముందు కూర్చోబెడితే దాని కళ్ళు కిటికీ గట్టు మీద చీమల బారు వెంట పోతాయి. ఈ ఏడు చివరి పరీక్షల్లో నలభై ఎనిమిది శాతం. ప్రవేశ పరీక్షలో అంతకంటే ఓ మెట్టు కింద. ఆడపడుచు కూతురికేమో తొంభై ఆరు! అప్పటినుంచీ అక్క మనసులో ఆ పిల్లకు పేరు పోయి అంకె మిగిలింది. "తొంభై ఆరు వస్తోంది", "తొంభై ఆరు కొత్త చెప్పులు వేసుకుంది" అనే అనుకునేది.

అలాంటిది చీమ ఓ ఉదయం జడ వేయించుకుంటూ, కొండమీది కాలేజీకి దరఖాస్తు పెడతానంది. జంతుశాస్త్రంలో నలభై సీట్లే ఉన్న కాలేజీ అది. తొంభై ఆరు కూడా అక్కడికే పెడుతోంది.

"నువ్వా? ఆ కాలేజీకా? వాళ్ళ గేటు దగ్గర కాపలావాడికి కూడా నీకంటే ఎక్కువ వచ్చుంటాయే!"

"ఫారం ఇచ్చేటప్పుడు మార్కులు అడగలేదమ్మా."

"నలభై సీట్లేనే పిచ్చిమొహమా!"

"నాకు ఒకటి చాలు. సొంతంగా గమనించినదాని గురించి ఒక పేజీ రాయమన్నారు. మన కాగితాల కట్టల వెనకాల చీమలున్నాయే, వాటి గురించి రాశాను."

అక్క పైకి నెత్తి కొట్టుకుంది గానీ, లోపల ఆశ మొలిచింది. ఆ మొలకకు నీళ్ళు పోసింది ప్రేమ కాదు, కుళ్ళు. నా కూతురికి వచ్చి, ఆ తొంభై ఆరుకు రాకపోతే! ఆ ఒక్క ఊహతో ఆ రోజు ముద్ద రెండింతలు దిగింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఆడపడుచు తన కూతుర్ని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. సాయంత్రం ఐదులోపు కాలేజీ కిటికీ దగ్గర మార్కుల జాబితా అసలు కాగితం చూపించి, నకలు ఇవ్వాలి.

"ఏం వదినా, మీ చీమ కూడా పెడుతోందట?"

"పెడుతోంది వదినా. పెడితే తప్పా?"

"అయ్యో, తప్పేముంది! నీ చేతిలో మిషన్ ఉండనే ఉంది. మీ దాన్ని రెండు కాపీలు తీసి కలిపావంటే మా దానంత అవుతుంది."

తొంభై ఆరు సిగ్గుపడి "అమ్మా, ఊరుకో" అంది. అక్క నవ్వింది. చెవులు మాత్రం కాలిపోయాయి. నకళ్ళు చేతిలో పెట్టింది. తల్లీకూతుళ్ళు హడావిడిగా వెళ్ళిపోయారు.

తర్వాత వచ్చినవాడి కోసం మూత ఎత్తితే, అద్దం మీద తొంభై ఆరు అసలు కాగితం బోర్లా పడుకుని ఉంది.

అక్క మూత దించేసింది.

'నేను తీయలేదు, దాచలేదు. వాళ్ళు మర్చిపోయిన చోటే ఉంది' అనుకుంది. ఇంకెవరూ మూత ఎత్తమనకుండా మీట కట్టేసి, వచ్చినవాళ్ళందరినీ తిప్పి పంపింది.

"పొద్దున బాగానే ఉందిగా మిషన్?" అన్నాడు ఎదురింటి దర్జీ.

"పొద్దున బాగున్న మనిషికి మధ్యాహ్నం జ్వరం రాదా? ఇదీ అంతే."

మూడింటికి ఆడపడుచు ఫోన్ చేసింది, ఏడుపు గొంతుతో. ఇల్లంతా తిరగేసిందట. "వెతుకుతా వదినా" అని అక్క స్టూలు మీద కూర్చుంది. కూర్చుందే గానీ, చూపు మిషన్ మూత మీదే ఉంది.

నాలుగింటికి చీమ ఫారం, మార్కుల జాబితా పట్టుకుని వచ్చింది. "మిషన్ పాడైంది, పక్క వీధిలో తీయించుకో" అని తల్లి అంటూనే ఉంది, అది మీట వేసి మూత ఎత్తేసింది. కాగితం తిప్పి చూసింది. తల్లి మొహం చూసింది.

"ఇది అత్త వాళ్ళది కదమ్మా."

"ముందు నీది ఇచ్చి రావే. దాని సంగతి తర్వాత..."

"ఇది ఇవ్వకపోతే ఆ సీటు నాకొస్తుందా? నా ముందు ఇంకో మూడొందలమంది ఉన్నారు. అందరి కాగితాలూ దాస్తావా?"

అని, ఆ కాగితం పట్టుకుని అత్త ఇంటికి పరుగు తీసింది. తన కాగితాలు బల్ల మీదే వదిలేసింది.

అక్క నలభై ఎనిమిదిని అద్దం మీద పెట్టింది. ఎన్ని వందలమంది మార్కులో వంకర లేకుండా తీసిన చెయ్యే అది. నకలు వంకరగా వచ్చింది. మళ్ళీ తీసింది. తలుపు దించి, దొరికిన బండెక్కి కొండమీదికి పోయింది. చేరేసరికి ఐదుకు పది నిమిషాలుంది.

కిటికీ దగ్గర ఆడపడుచు చీమను వాటేసుకుని ఊపేస్తోంది. 'నా కూతుర్ని ఈవిడ ఇలా పట్టుకోవడం ఏంటి' అని అక్కకు అప్పుడూ ఒళ్ళు మండింది.

"ఎక్కడ దొరికిందే బంగారం?"

"అమ్మే వెతికిందత్తా. మిషన్ వెనక్కి దూరి మరీ."

అక్క తన కాళ్ళవేళ్ళు లెక్కపెట్టుకుంది. కిటికీలో గుమాస్తా చీమ జాబితా చూసి "నలభై ఎనిమిదా?" అని పెదవి విరిచాడు.

"నలభై ఎనిమిదే! పూచీ నాది. ముద్ర వెయ్యండి" అంది అక్క. వేశాడు.

నెల తిరిగేసరికి ఉత్తరాలు వచ్చాయి. తొంభై ఆరుకు సీటొచ్చింది. చీమకు రెండు లైన్ల క్షమాపణ వచ్చింది. సీటు ఉత్తరానికి మూడు కాపీలు కావాలని ఆడపడుచు దుకాణానికే వచ్చింది. చీమే తీసి ఇచ్చి, నవ్వుతూ సాగనంపింది. అంత మంచితనం ఎక్కడినుంచి వచ్చిందో, తన పోలిక మాత్రం కాదనుకుని అక్క చిన్నబోయింది. వాళ్ళు మలుపు తిరిగాక చీమ బల్ల మీద తల వాల్చేసింది.

"అమ్మా, నాకు కుళ్ళుగా ఉందే. దాని మొహం చూస్తుంటే ఒళ్ళంతా మండిపోతోంది."

అక్క మొహం చేటంత అయింది. కూతుర్ని స్టూలు మీద కూర్చోబెట్టి, పక్కనే కాగితాల కట్ట మీద తనూ కూలబడింది.

"మండనీవే, ఏం కాదు. ఆ చెప్పులు చూశావా? ఆ నడక చూశావా?"

"చూశాను. బాతులా ఉంది."

"బాతే! ఇంకా చెప్పు."

"చెప్తా గానీ, వచ్చే ఏడు మళ్ళీ పెడతాను."

"పెట్టు. ముందు ఆ బాతు సంగతి పూర్తి చెయ్యి."