బక్క గుర్రానికి బెల్లం

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అందుకే అత్త వచ్చే రోజు మా ఆయన గోడ మీది బొమ్మ దించమని బతిమాలినకొద్దీ దించనని మొండికేశాను.

అది మా నాన్న ఇచ్చిన పెళ్లికానుక. ఆయన డ్రాయింగు మాస్టారు. ఐదొందల ఏళ్ల కిందట ఒక జర్మనీ చిత్రకారుడు చెక్క మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మకు నకలు. బైబిలు చివర, లోకాంతానికి గుర్రాలెక్కి వచ్చే నలుగురు. ఒకడి చేతిలో విల్లు, ఒకడికి కత్తి, ఒకడికి తక్కెడ. నాలుగోవాడు చావు, ఎముకలు తేలిన గుర్రం మీద ముసలివాడు.

కిరస్తానీ పిల్ల ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని మా అత్త ఒట్టేసుకుని రెండేళ్లయింది. ఆ రోజు కారెంపూడి నుంచి నరసరావుపేట కంటి డాక్టరు దగ్గరికి వచ్చి, కొడుకు పోరు పడలేక మా గడప తొక్కింది. నేను పొద్దున్నే పప్పు, గోంగూర వండి పెట్టుకున్నాను. తింటుందా, తినదా? నా ప్రాణమంతా అక్కడే ఉంది.

ఆమె నా వంక చూడలేదు. నేరుగా బొమ్మ దగ్గరికి పోయింది.

"ఏమే, మా వీరుల బొమ్మ నీకెక్కడ దొరికింది?"

కారెంపూడి వాళ్లకు గుర్రాలూ కత్తులూ కనబడితే చాలు, పల్నాటి వీరులే. మా ఆయన నోరు మెదపవద్దని నాకు సైగ చేశాడు. ఈలోగా ఆమె సంచిలోంచి కుంకం తీసి నలుగురికీ అద్దం మీద బొట్లు పెట్టేసింది.

"బెల్లం తే. వీరుల ముందు వట్టి చేతులతో నిలబడగూడదు."

తెచ్చాను. బొమ్మకు చూపించి, ప్రసాదమని మాకు తలా ముక్క పెట్టి, తనూ నోట్లో వేసుకుంది. మా కిరస్తానీలు ప్రసాదం తినరు. అయినా తిన్నాను, బెల్లం నాదే కదా.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. అబద్ధం చెప్పి అన్నం పెట్టడం నా వల్ల కాలేదు.

"అత్తా, వీళ్లు మీ వీరులు కాదు. మా బైబిల్లో వాళ్లు. ఆ చివరాయన చావు."

మా ఆయన తల పట్టుకున్నాడు. అత్త బెల్లం చప్పరిస్తూ మళ్లీ బొమ్మ వంక చూసింది.

"నోట్లో పడ్డ ప్రసాదం ఊసేస్తానా ఏంది? ఎవురైతే ఏం, గుర్రాలు చానా దూరం వచ్చినట్టున్నాయి. ఆ బక్కదానికీ ఓ ముక్క పెట్టు. నాకు అన్నం పెట్టు, ఆకలవుతోంది."

చావు గుర్రం ముందు బెల్లం ముక్క పెట్టి, అత్తకు వడ్డించాను. సంతోషంతో ఏడుపొచ్చింది. ఆమె గోంగూర రెండోసారి అడిగి వేయించుకుని, ఉప్పు చాల్లేదని దెప్పింది. నాకు కోపం రాలేదు.