ఎక్కిళ్ల పాట

ఉప్పల్ చౌరస్తాలో ఉప్పలయ్య ట్రంపెట్ ఎత్తితే నాచారంలో పొయ్యి మీద పాలు పొంగేవి. నమ్మకం లేనివాళ్లు నాచారం వెళ్లి అడగవచ్చు, గిన్నెలు మాడినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఒకసారి రామంతాపూర్ చెరువు గట్టు మీద ఆయన పట్టిన పైస్వరానికి ఎగురుతున్న కొంగ ఒకటి గాల్లోనే ఆగిపోయి, స్వరం దిగేదాకా తానూ దిగలేదంటారు. కొంగ విషయంలో కాస్త కోత ఉంటే ఉండవచ్చు గానీ పాల సంగతి మాత్రం పచ్చి నిజం.

అంతటి మనిషికి లోకంలో ఒకే ఒక్క రోత. డ్రైనేజీ కంపు పట్టించుకోడు. బ్యాండు వాళ్ల ఎర్ర కోటు ఉతక్కుండా మూడు పెళ్లిళ్ల సీజన్లు తొడిగాడు, దాని వాసనకు దోమలు తప్పుకునేవి. తన పళ్లెంలో ఈగ పడితే తీసేసి తినేవాడు. కానీ ఒక పాట పల్లవి చెవిన పడితే చాలు, నోట్లో ముద్ద బయటికి వచ్చేది. ఉప్పల్, నాచారం జనం దానికి పెట్టుకున్న పేరు ఎక్కిళ్ల పాట. ఆ పాటను ఆ జనానికి అంటించినవాడు ఉప్పలయ్యే. అదే ఆయన కడుపుమంట.

రెండు వేల ఒకటిలో మొదలైంది ఈ రోగం. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసే అచ్యుతరావు గారు, కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి, కొడుకు హృషికేశ్ పెళ్లికి బ్యాండు మాట్లాడుకోవడానికి నాచారం వచ్చారు. అక్కడ ఒక్క షట్టరు గదిలో చిదంబరం మాస్టర్ బ్యాండు పార్టీ ఉండేది. మాస్టరుది క్లారినెట్. ఉప్పలయ్య ఆయన శిష్యుడు.

"మావాడు ఈ ఒక్క పాటా వాయించాల్సిందేనని పట్టుబట్టాడయ్యా," అంటూ అచ్యుతరావు గారు ఒక క్యాసెట్ తీసి ఇచ్చారు. "ఇంగ్లీషుది, బాగా పాతది. ఫంక్ అంటారట. కాలేజీలో పిల్లలంతా దీనికే గెంతేవారట."

"ఫంకో గింకో, మాకేంది సార్! ఊపిరుంటే ఏదైన మోగుతది," అన్నాడు ఉప్పలయ్య.

ఇంటికి తెచ్చి, అన్నం తింటూ సగం చెవితో ఒకసారి విన్నాడు. నేర్చుకునే పని రేపు చూద్దామని, ఏఎస్ రావు నగర్‌లో ఏదో పెళ్లికి వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లగానే ఎనిమిదేళ్ల కూతురు కీర్తన ఆ క్యాసెట్‌ను పట్టుకుంది. లోపలి టేపు కొస దొరికింది. ఇక లాగడమే. సేమ్యాలా బారలు బారలుగా లాగి బొమ్మకు జడ అల్లింది, మిగిలినదాన్ని బట్టల తీగకు తోరణం కట్టింది. తల్లి శారద వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. టేపు ఒకచోట జానెడు మేర నలిగి ముద్దయింది. ఆ ముక్కను కత్తెరతో తీసేసి, రెండు కొసలనూ గోళ్లరంగుతో అతికి, పెన్సిల్ పెట్టి తిప్పి తిప్పి మళ్లీ లోపలికి చుట్టింది.

"మీ నాయినకు జెప్పినవంటే ఈపు పలుగుతది. నీదీ, నాదీ," అని బిడ్డ నోరు మూయించింది.

మర్నాడు ఉప్పలయ్య టేప్‌రికార్డరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కింద గుమ్ గుమ్ గుమ్మని బేస్ గిటారు. పైన ఇత్తడి వాయిద్యాలు మూడు గుద్దులు గుద్దుతాయి. ఎవడో గొంతు చించుకుని అరుస్తాడు. అంతలో హఠాత్తుగా ఎవరో గొంతు నొక్కినట్టు పాట చచ్చిపోతుంది. ఒకటిన్నర దెబ్బ సేపు చప్పుడుండదు. మళ్లీ ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు నడిమధ్యలోంచి లేస్తుంది.

"అబ్బ! ఇంగ్లీషోడు ఏం ఆపిండే," అన్నాడు ఉప్పలయ్య. "లెక్కకు అందుతలేదు."

శారద పొయ్యి వైపు తిరిగి పొగ లేకపోయినా కళ్లు తుడుచుకుంది.

ఆ ఆపుడు కోసం ఉప్పలయ్య డ్రమ్ముల వాళ్లను మూడు రోజులు తోమాడు. వెంట్రుక వాసి తేడా రాకుండా పది మందీ ఒక్కసారే ఆగి, ఒక్కసారే లేచేలా చేశాడు. చిదంబరం మాస్టర్ విని, నోట్లో పాన్ తుపుక్కున ఉమ్మాడు. "ఇది పాట గాదుర, ఎక్కిళ్లు. ఎవలన్న మంచినీళ్లియ్యిన్రి!" అన్నాడు. పేరు అలా పడింది.

హృషికేశ్ బారాత్‌లో జరిగింది హబ్సిగూడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాట ఆగినచోట సందు సందంతా ఒంటికాలి మీద నిలబడిపోయింది, పాట లేచినచోట అందరి కాళ్లూ ఒక్కసారే దిగాయి. ఎదురింటి గోడ పెచ్చులు రాలాయి. జన్మలో చెయ్యి ఊపి ఎరుగని అచ్యుతరావు గారు గెంతిన గెంతుకు కళ్లద్దాలు ఎగిరి గుర్రం ముక్కు మీద కూర్చున్నాయి. గుర్రం వాటిలోంచి పెళ్లివారి వంక బాగా చదువుకున్నదానిలా చూసింది. గుర్రం మీద ఉన్న హృషికేశ్ ట్రంపెట్ వైపు వంగి ఏదో అడగబోయాడు గానీ, ఆ పాటికి గుర్రానికీ ఊపు వచ్చింది.

ఇక అంటుకుంది. బారాత్‌లో అదే. బోనాల్లో అదే. వినాయకుడి నిమజ్జనంలో అదే. స్టేడియంలో మనవాళ్లు గెలిస్తే బయట రోడ్డు మీద అదే. పీర్జాదిగూడలో ఎవరో బోరు వేయిస్తే నీళ్లు పడ్డాయని పిలిపించి మరీ అదే వాయించుకున్నారు. సినిమా పాటలు వచ్చేవి, పోయేవి. శుక్రవారం పుట్టిన పాట వచ్చే శుక్రవారానికి ముసలిదయ్యేది. ఈ పాడు పాటకు మాత్రం వయసు రాలేదు. దానికి మాటలు అక్కర్లేదు, భాష అక్కర్లేదు. తల ఇంకా ఆలోచిస్తుండగానే కాలు ఒప్పేసుకుంటుంది. పైగా ఆ ఆపుడు ఒకటి. అక్కడ డెబ్బై ఏళ్ల ముసలమ్మ కూడా పమిట నోట్లో కుక్కుకుని, ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని కళ్లు పెద్దవి చేసుకుని నిలబడేది.

జనానికి అది పండగ, ఉప్పలయ్యకు వాంతి. ఆగినచోట తూలి ఎవడో ఒకడు ట్రంపెట్ మీద పడేవాడు, పెదవి చిట్లేది. ఇంకొకడు ఇత్తడి గొట్టంలోకి నురుగు డబ్బా కొట్టేవాడు. గుట్కా నోరు చెవిలో పెట్టి "అన్నా! ఎక్కిళ్లు, ఎక్కిళ్లు!" అని అరిస్తే తుంపర్లు మెడ మీదుగా కోటు లోపలికి జారేవి. మాస్టర్ దగ్గర ఇరవై ఏళ్లు కూర్చుని నేర్చుకున్న ఆనందభైరవి ఉంది ఆయన దగ్గర. తీస్తే రాయి కరుగుతుంది. తీసిన ప్రతిసారీ రెండో నిమిషంలో ఎవడో వచ్చేవాడు. "అన్నా, గిది జర పక్కకు పెట్టు."

రెండు వేల ఏడులో చిదంబరం మాస్టర్ పోయాడు. పాడె ముందు ఆనందభైరవి వాయించాలని ఆయన చివరి కోరిక. ఉప్పలయ్య కళ్లనీళ్లతోనే మొదలుపెట్టాడు. మొదటి సందు మలుపు దాకా బాగానే సాగింది. అక్కడ తాగి ఉన్న నలుగురు అడ్డం వచ్చారు.

"ఏంది మామా, మాస్టర్‌ను గిట్ల ఏడ్సుకుంట తోలిస్తవా? ఎక్కిళ్లు కొట్టు!"

"నోర్ముయ్‌రి! పీనుగ ముంగటనా?"

ఆయన మాట పూర్తికాకముందే అలవాటున పడ్డ డ్రమ్ము చేతులు మొదలుపెట్టేశాయి. అంతటితో అయిపోలేదు. పాట ఆగినచోట పాడె మోస్తున్న నలుగురూ ఒంటికాలి మీద ఆగారు. మాస్టర్ కూడా గాల్లో ఒకటిన్నర దెబ్బ ఆగాడు. శ్మశానం చేరేవరకూ ఉప్పలయ్య దాన్నే వాయించక తప్పలేదు. ఇంటికి వచ్చి గోడ పట్టుకుని పచ్చిపైత్యం కక్కాడు. నోరు కడుక్కుని, ట్రంపెట్ మీద చెయ్యి వేసి, భార్యాబిడ్డల ముందే ఒట్టు పెట్టాడు.

"నా బిడ్డ పెండ్లిల మాస్టర్ పాటనే మోగాలె. గా దరిద్రపుది మోగిందా, గా దినం సంది నేను బూర ముట్ట!"

శారదా కీర్తనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పడానికి అది సమయం కాదు. తర్వాత ఏడేళ్లలో అలాంటి సమయం రానేలేదు.

రెండు వేల పద్నాలుగు జూన్‌కు కీర్తన పెళ్లి ముహూర్తం కుదిరింది. వరుడు కళ్యాణ్ ఏఎస్ రావు నగర్‌లో ఆమె కంప్యూటరు నేర్చుకున్న సెంటర్‌లోనే పని చేస్తాడు. ఉప్పలయ్య లాంఛనాలు అడగలేదు, భోజనాలు అడగలేదు. కాబోయే వియ్యంకుడు జగన్మోహన్ చేతులు పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"బావా, ఎక్కిళ్ల పాట ఒక్కటి వద్దు. అది మోగితే నా బూర బంద్."

"నీ బూర బంద్ అయితే మాకేం లాభం బావా! మా దిక్కు నుంచి మోగదు, పో. ఫికర్ చెయ్యకు."

పెళ్లికి పది రోజుల ముందు తెలంగాణ వచ్చింది. ఉప్పల్ రింగ్ రోడ్డు గులాల్‌తో గులాబీ రంగైపోయింది. బ్యాండును లారీ ఎక్కించారు. "ఏం పాట?" అని ఉప్పలయ్య అడగనుకూడా అడగలేదు. ఆ రోజు ఆ పాటను నూటపదహారు సార్లు వాయించారని లెక్కపెట్టినవాళ్లు చెబుతారు. నూటపదహారోసారి చార్మినార్ గడియారం కూడా ఒకటిన్నర దెబ్బ ఆగిందట.

"అరవై ఏండ్ల కొట్లాట గెలిస్తే గూడ గిదేనార!" అని ఉప్పలయ్య లారీ మీంచి కిందికి ఉమ్మాడు. గులాబీ రంగు ఉమ్మి.

పెళ్లి పీర్జాదిగూడలో ఒక ఫంక్షన్ హాల్లో. పొద్దున పదింటికి ఎదురుకోళ్లు. మగపెళ్లివారు గేటు అవతల, ఆడపెళ్లివారు ఇవతల నిలబడాలి. పానకం ఇచ్చి, గులాల్ చల్లి లోపలికి తీసుకురావాలి. కోటు వదిలి పట్టుపంచె కట్టిన ఉప్పలయ్య ట్రంపెట్ పెదవికి ఆనించి ఆనందభైరవి ఎత్తాడు. గట్టిగా పది గుండెచప్పుళ్ల సేపు ఎత్తాడు. గేటు అవతల ట్రాలీ మీది డీజే పెట్టెలు గుమ్ గుమ్ గుమ్మన్నాయి.

ఉప్పలయ్య చేతిలో ట్రంపెట్ మంచుగడ్డయింది. ఇత్తడి మూడు గుద్దులు గుద్దింది. అటువాళ్లూ ఇటువాళ్లూ కేక పెట్టి దూకారు. ఆపుడు వచ్చేచోట మూడు వందల మందీ ఒంటికాలు ఎత్తి ఆగారు.

పాట ఆగలేదు.

పాట వాళ్లను అక్కడే వదిలేసి తన దారిన పోయింది. ఎత్తిన కాళ్లు ఎప్పుడు దించాలో తెలియక ఒకరి మీద ఒకరు కూలారు. పానకం బిందె జగన్మోహన్ నెత్తిన బోర్లా పడింది.

"ఏ! ఆపుర! పాట ఖరాబైంది!"

"మల్ల మొదటి నుంచి పెట్టు!"

మళ్లీ పెట్టారు, మళ్లీ కూలారు. ఉప్పలయ్య జనాన్ని చీల్చుకుంటూ ట్రాలీ దగ్గరికి వెళ్లి డీజే కాలరు పట్టుకున్నాడు.

"ఎవడు పెట్టమన్నడుర దీన్ని?"

"పెండ్లికొడుకు దోస్తులన్నా! ఎక్కిళ్లు వద్దన్నరని ఇంగ్లీషు ఒరిజినల్ పెట్టినం. ఇండ్ల ఆపుడే లేదు, కావాలంటే ఇను."

"ఆపుడు లేదా? నేను క్యాసెట్ల ఇన్న గదర! నీది దొంగ పాట!"

వెనకనుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. శారద. పక్కనే బాసికం కట్టుకున్న కీర్తన తల దించుకుని ఉంది.

"నాయినా, గా ఆపుడు నేను జేసిన," అంది. "సిన్నప్పుడు గా క్యాసెట్ తోని ఆడుకుంట టేపు గుంజిన. నలిగిన ముక్క తీసేసి అమ్మ గోళ్లరంగు పెట్టి అతికింది. రంగు పడ్డకాడ సప్పుడు పోయింది. నువ్వు కొడ్తవని జెప్పలే."

ఉప్పలయ్య కూతురి చేతుల వంక చూశాడు. పది గోళ్లకూ ఎర్రరంగు. ఆయన ముఖం వేపాకు నమిలినట్టు తిరిగింది.

"పదమూడేండ్లు! డ్రమ్ములోల్లను సావగొట్టి నేర్పిన. మాస్టర్ పాడెను గాల్ల ఆపిన. గదంత గోళ్లరంగా? థూ! మీ మొకాల మీద..." అక్కడ పురోహితుడు కనిపించి మిగతాది మింగేశాడు.

"నా పాట నా పెండ్లిల వద్దంటవా మరి?" అంది కీర్తన, తల దించుకునే.

అవతల జనం చప్పట్లు కొడుతున్నారు. "ఎక్కిళ్లు! ఎక్కిళ్లు!" ముహూర్తం తరుముకొస్తోందని పురోహితుడు గోల. వాళ్లు ఆడితే గాని లోపలికి రారు. డీజే పాటకు వాళ్లు ఆడలేరు.

"బంద్ చెయ్ నీ ఒరిజినల్," అన్నాడు ఉప్పలయ్య డీజేతో. "పాట సక్కగ రాదు, పెట్టెలు మాత్రం గింతంత!"

"మరి నీ ఒట్టు?" అంది శారద.

"ఇంగ్లీషోని పాట అనుకొని పెట్టిన ఒట్టు అది. మనింట్ల పుట్టిందని ఎవలు జెప్పిన్రు నాకు?"

ట్రంపెట్ ఎత్తాడు. గుద్దులు మూడు గుద్దాడు. ఆపాడు. మూడు వందల మంది ఒంటికాలి మీద కొంగల్లా నిలిచారు. ఆ ఒకటిన్నర దెబ్బలో ఆయనకు జగన్మోహన్ గడ్డం మీంచి పానకం బొట్టు నేల మీద పడటం వినిపించింది. తర్వాత లేపాడు. లేపీలేపగానే పెళ్లికొడుకు దోస్తు ఒకడు వచ్చి గొట్టం నిండా నురుగు కొట్టాడు. ఉప్పలయ్య నురుగు ఉమ్మి, వాడి వంశాన్ని కళ్లతోనే తిట్టి, మళ్లీ అందుకున్నాడు.

ముహూర్తం తప్పలేదు. ట్రంపెట్ ఆగలేదు. ఇప్పటికీ ఎక్కడ పెళ్లైనా ఆ పాట ఎత్తేముందు ఒకసారి పక్కకు తిరిగి ఉమ్ముతాడు. అదీ పాటలో భాగమేననుకుని పిల్ల బ్యాండు వాళ్లు కూడా ఉమ్మి మొదలుపెడుతున్నారు.

ఆనందభైరవి మాత్రం ఆ పొద్దున పది గుండెచప్పుళ్ల మేరకే బయటికి వచ్చింది. మిగతాది ఆ గొట్టంలోనే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు.